ఎక్కడి యుద్ధం? ఎవరి ధర్మం?

ప్రొద్దున్నే కాఫీ గ్లాసుతోబాటు ఎక్కడిదో ఒక యుద్ధం కూడా మన వసారాలోకి వచ్చి కూర్చుంటున్నది. ఒకనాడు యుక్రెయిన్, మరొకనాడు గాజా, ఇంకొకనాడు సూడాన్. కూలిన మేడలు, బిడ్డను చంకనెత్తుకొని పరుగెత్తే తల్లి, గిన్నెలు పట్టుకొని వరుసలో నిలబడిన పసివాళ్ళు—అన్నీ చూస్తాం. “అయ్యో పాపం!” అంటాం. పేజీ త్రిప్పుతాం. ఆ “అయ్యో” తరువాత మనబోటి సంసారులు చేయవలసింది ఏమన్నా ఉన్నదా? ఉంటే అది ఏమిటి?

“అవన్నీ రాయబారులూ, మంత్రులూ తేల్చుకోవలసిన సంగతులు. మన కెందుకండీ?” అనేవారున్నారు. కాని నెల్లూరు సముద్రపు ఒడ్డున కాపురమున్న వాడికి ఆ మాట అనేందుకు వీలులేదు. కృష్ణపట్నం రేవులో దిగే నూనె, ఇందుకూరుపేట గుంటల్లో పెరిగే రొయ్య, కోవూరు చేలల్లో పండే ధాన్యం—ఈ మూడింటికీ సముద్రం అవతల చుట్టాలున్నారు. అక్కడ కొంప అంటుకుంటే ఇక్కడ మనకు సెగ తగులుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ సెగన మనం చలి కాచుకుంటున్నాం కూడాను. చిక్కంతా అక్కడే ఉన్నది.

నూనె డబ్బా

2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు యుక్రెయిన్ మీద పడ్డాయి. అప్పటివరకు మన దేశానికి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో అధికభాగం యుక్రెయిన్ నుంచే వచ్చేది. ఆ దేశం ఎక్కడున్నదో పటంలో చూపించలేని ఇల్లాలు కూడా దాని నూనెతోనే తిరగమోత వేసేది. కృష్ణపట్నం రేవు ప్రక్కన నూనె శుద్ధిచేసే కర్మాగారాలు వరుసగా ఉన్నాయి. అక్కడ శుద్ధి అయిన నూనె ఊరూరికీ వెళుతుంది. నల్లసముద్రంలో ఓడలు ఆగిపోయేసరికి ఇక్కడ ధర లేచింది.

మా వీధిలో పచారీ కొట్టు ఒకటున్నది. కొట్టాయన మంచివాడే, మా మీద అభిమానం కొద్దీ చెవిలో చెప్పాడు: “మాష్టారూ, రేపటికి డబ్బా దొరకదు. నాలుగు ఎత్తి పెట్టమంటారా?” నేను ఇంటికి వచ్చి ఆ శుభవార్త చెప్పాను. మా ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తల ఎత్తకుండానే, “వద్దండీ. మనింట్లో నాలుగు డబ్బాలున్నాయని తెలిస్తే వీధి వీధంతా చేబదులుకు మన గడపే తొక్కుతుంది. లేదనలేం, ఇవ్వలేం. ఒక్కటి చాలు” అన్నది. ఆర్థికశాస్త్రంవారు పెద్ద పెద్ద గ్రంథాలలో చెప్పేది ఆ మాటే. భయంతో నలుగురు నాలుగేసి డబ్బాలు కొంటే అయిదోవాడికి ఒక్కటీ మిగలదు. ఆ అయిదోవాడు సాధారణంగా రోజుకూలి చేసుకొనేవాడు. పావుకిలో పొట్లం కొనేవాడు.

“ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఒకడు” అని మనవాళ్ళు ఊరకే అనలేదు. యుద్ధం వచ్చిందని సరుకు దాచినవాడు చుట్ట కాల్చుకొనేవాడే. పెద్ద గోడౌనులో దాచినా, మన అటకమీద దాచినా దోషం ఒకటే, కొలతలోనే తేడా.

అదే సంవత్సరం ఏప్రిల్ నెలాఖరున ఇండొనీషియా తన పామాయిల్ ఎగుమతిని నిలిపివేసింది. మూడు వారాలు దాటిన తరువాత గాని మళ్ళీ వదలలేదు. “మా ప్రజలకు చవకగా దొరకవద్దా?” అన్నారు వాళ్ళు. మనకు కోపం వచ్చింది. మరి మనం ఏం చేశాం?

నూకల కథ

మనమూ అదే చేశాం. 2022 మే 13న గోధుమల ఎగుమతి ఆపాం. సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపాం. 2023 జూలై 20న బాసుమతి కాని తెల్లబియ్యం ఎగుమతి కూడా ఆపాం. ఇరుగుపొరుగు పేద దేశాల ప్రభుత్వాలు ప్రత్యేకంగా అడిగితే కొంత పంపే వెసులుబాటు మాత్రం ఉంచారు. 2024 సెప్టెంబరులో గాని తెల్లబియ్యానికి ఆంక్ష సడలలేదు.

అప్పుడు అమెరికాలోని మనవాళ్ళు సోనామసూరి బస్తాల కోసం దుకాణాలముందు బారులు తీరిన దృశ్యం చాలామంది చూసే ఉంటారు. చూసి నవ్వుకున్నాం. అయితే ఆ బారులో నిలబడినవారికి బియ్యం లేకపోతే రొట్టె ఉన్నది. బారులో మనకు కనబడనివాడు వేరే ఉన్నాడు. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో సుమారు నూటికి నలభై పాళ్ళు మన దేశానివే. మన ఇళ్ళలో నూకలంటే ఉప్మాకో, జావకో, పశువుల కుడితికో. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ అనే దేశమున్నది. అక్కడివారికి నూకల అన్నం, చేప కలిపి వండేది ఇంటికి వచ్చిన అతిథికి పెట్టే భోజనం. నెల్లూరు చేపల పులుసు మనకెంతో అది వాళ్ళకంత. వాళ్ళ నూకలు ఇతర దేశాలనుంచే రావాలి.

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, “మన దేశంలోనే అర్ధాకలి వాళ్ళుంటే వాళ్ళ సంగతి ముందు చూసుకోవడం తప్పా సార్? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గదా!” అన్నది. వెనుక బల్లనుంచి ఒక అబ్బాయి, “ధర తగ్గితే తిన్నవాడికి లాభం, పండించిన మా నాయనకు నష్టం. ఇంట గెలిచిందెవరు?” అన్నాడు. కోవూరు ప్రక్క రైతుబిడ్డ అతడు. ఇద్దరూ చెప్పింది నిజమే. గింజ ఒక్కటే, దానికి చేయి చాచేవారు ముగ్గురు—ఇక్కడి పేద, ఇక్కడి రైతు, అక్కడి పేద. ఎవరి చేయి వెనక్కు నెట్టినా అది ధర్మసంకటమే.

అయితే గింజను ఆపకుండా వదిలేయడమే ధర్మమందామా? ఆ పాఠం కూడా మన జిల్లా చదువుకొనే ఉన్నది. అందుకు కట్టిన జీతం చాలా ఎక్కువ.

ధాత కరువునాడు

1876లోనూ, 1877లోనూ వానలు తప్పాయి. ధాత సంవత్సరంలో మొదలైంది గనుక మన పెద్దవాళ్ళు దానిని ధాత కరువన్నారు. నెల్లూరు, కడప, కర్నూలు, బళ్ళారి సీమలు మాడిపోయాయి. దక్షిణదేశంలోని బ్రిటిషు ప్రాంతాలలో మొత్తం 55 లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. అదే కాలంలో ఉత్తర హిందూస్థానపు గోధుమలు ఇంగ్లండుకు ఓడలెక్కుతూనే ఉన్నాయి. వర్తకంలో సర్కారు వేలు పెట్టరాదన్నది ఆనాటి ఏలినవారి సిద్ధాంతం. మద్రాసు ప్రభుత్వం తానుగా ధాన్యం కొనబోతే పై ప్రభుత్వం మందలించింది.

సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరను వైస్రాయి లిట్టన్ ఇక్కడికి పంపాడు. ఈయన కథ వినదగినది. అంతకు కొద్దికాలం ముందు, 1873–74లో, బీహారులో కరువు వచ్చినప్పుడు ఈయనే బర్మానుంచి బియ్యం తెప్పించి ధారాళంగా పంచాడు. చావులు బహు తక్కువ. మెప్పు వచ్చిందా? లేదు. “ఖజానా దుబారా చేశాడు” అని తిట్లు వచ్చాయి. ఆ తిట్లు ఆయన ఒంటికి పట్టాయి. 1877లో మనవైపు వచ్చి, కరువు పనులకు వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని తేల్చాడు. పౌను అంటే మన అరకిలోకు తక్కువ. దానిమీద రోజంతా మన్ను మోయాలి! మద్రాసు ఆరోగ్యశాఖ పెద్ద డాక్టర్ కార్నిష్ ఆ కూలితో మనిషి బ్రతకడని వాదించాడు. కొన్నాళ్ళ తరువాత గాని ఆ కూలి పెరగలేదు. మొదటిసారి ప్రాణాలు నిలిపి తిట్లు తిన్న చేయి, రెండోసారి లెక్క నిలిపి ప్రాణాలు పోగొట్టింది. సహాయం చేసేవాడిని “ఎంత తక్కువతో చేశావు?” అని మాత్రమే అడిగే లోకంలో ఇలాటివి జరుగుతాయి.

అప్పుడు పరాయిదేశంవారి బిచ్చమెత్తుకొన్నది మనం. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు విజ్ఞప్తిమీద 1877లో లండను మేయరు చందాలు ప్రోగుచేశాడు. మన ఊళ్ళ పేర్లు పలకలేని ఇంగ్లీషు సంసారులు కూడా తమకు తోచినది వేశారు. వాళ్ళ ప్రభుత్వపు సిద్ధాంతం మనలను ముంచుతుంటే వాళ్ళ చిల్లర నాణేలు కొందరిని ఒడ్డుకు చేర్చాయి. ఒక దేశపు ప్రభుత్వమూ, ఆ దేశపు ప్రజలూ ఒకటి కారని తెలుసుకొనేందుకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన తీరం వెంట పోయే బకింగ్‌హాం కాలువలో కొంతభాగం ఆ కరువు కూలీలు త్రవ్వినదే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. ఆ ఒంగోలులో జాన్ క్లఫ్ అనే అమెరికా మిషనరీ ఉండేవాడు. యౌవనంలో సర్వే పని నేర్చినవాడు. కాలువలో మూడున్నర మైళ్ళ పని తానే కంట్రాక్టుకు తీసుకొని, వేరేచోట్ల మేస్త్రీల చేతుల్లో నలిగిపోయే దళిత కుటుంబాలకు పని, కూలి చూపించాడు.

ఆయన చేసిన మరొక పని నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఆయన వచ్చింది మతప్రచారానికి. ఆకలితో వేలాదిమంది చుట్టూ చేరారు. మతంలో కలుపుకోమన్నవారూ ఉన్నారు. ఆయన పదిహేను నెలలపాటు ఒక్కరికీ బాప్టిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తేలని సమయంలో ఇవ్వకూడదన్నాడు. కరువు సడలి, సహాయం పంచడం ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ మతం మనదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పెట్టే చేతికి పుచ్చుకొనే చేతిమీద ఎంత అధికారముంటుందో తెలిసినవాడు, ఆ అధికారాన్ని వాడుకోకుండా నిలవగలిగాడా అన్నది ప్రశ్న. ఈనాటి గొప్ప దేశాలు పొట్లం కట్టి ఇచ్చే సహాయంలో ఎన్ని షరతుల చీటీలు దాగివుంటాయో పత్రికలు చదివేవారికి తెలుసు. వారిలో ఎందరు పదిహేను నెలలు ఆగుతారు?

రొయ్యల గుంట దగ్గర

మళ్ళీ మన రోజులకు వద్దాం. యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య దేశాలు రష్యా చమురు కొనడం తగ్గించాయి, ధర దిగింది. మనం కొన్నాం. యుద్ధానికి ముందు మన దిగుమతి ముడిచమురులో నూటికి రెండుపాళ్ళయినా లేని రష్యా వాటా, ఏడాది రెండేళ్ళలో మూడోవంతు దాటింది. “ఆ డబ్బుతో బాంబులు కొంటున్నారు” అన్నారు ఒకరు. “బీదదేశం చవకగా దొరికినది కొనక మానాలా? మీరు మాత్రం ఇన్నాళ్ళూ వాళ్ళ గ్యాసు కొనలేదా?” అన్నారు మనవాళ్ళు. రెండు వాదాలూ గట్టివే.

ఆ వాదం చివరకు ఎవరి నెత్తిన పడింది? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులమీద మొదట నూటికి 25 వంతున సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నందుకు శిక్షగా మరొక 25 కలిపి, 27వ తేదీ నుంచి మొత్తం 50 చేసింది. మన రొయ్యలకు అన్నిటికంటె పెద్ద బజారు అమెరికా. చమురు కొన్న కంపెనీలు ఎక్కడో ఉన్నాయి; విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట గుంటల గట్లమీద నిలబడినవాడు రొయ్యరైతు. మేతకు అప్పు, కరెంటుకు అప్పు. పట్టుబడినాడు ధర చెప్పేది మరొకడు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయని సామెత. ఆ తరువాత సుంకాలు ఎటు మారినా, ఆ సీజనులో అయినకాడికి అమ్ముకొన్నవాడి అప్పు మాత్రం మారదు.

రొయ్యల గుంటలున్న ఇంటి పిల్లవాడొకడు నా దగ్గర చదివాడు. “యుక్రెయిన్‌లో చనిపోయినవాళ్ళకోసం నేను ఏడవాలా, మా గుంటకోసం ఏడవాలా సార్?” అని అడిగాడు. అతని ప్రక్కనే కూర్చున్నవాడి పెదతండ్రి కొడుకు యుక్రెయిన్‌లో వైద్యం చదువుతూ, 2022లో మనదేశం పంపిన విమానంలో తిరిగివచ్చాడు. నేలమాళిగలో దాక్కున్న రోజుల్లో ఆ వీధిలోని ముసలమ్మ ఒకతె వాళ్ళకు రొట్టె పెట్టిందట. ఆ సంగతి చెప్పాక తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రొయ్యలవాడే తేరుకొని, “ఆమె ఇల్లు ఉందా?” అని అడిగాడు. ఎవరికీ తెలియదు. దుఃఖానికి తరాజు పెట్టి తూచనక్కరలేదనీ, ఒకటి పడితే రెండోది పట్టనంత ఇరుకు కాదు మనసనీ ఆ పిల్లవాడే నిరూపించాడు.

ఇలాటి సంకటంలో గట్టిగా నిలబడినవారూ లేకపోలేదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తి రాక, ఇంగ్లండులో లాంకషైర్ మిల్లు కార్మికులు పస్తులున్నారు. 1862 డిసెంబరు 31న మాంచెస్టరులో సమావేశమైన కార్మికులు, తమ కడుపు కాలుతున్నా బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడే లింకన్ పక్షమేనని ఆయనకు లేఖ పంపారు. అది గొప్ప. కాని ఒక సంగతి గమనించాలి: ఆ త్యాగం వారు తమంత తాము పూనుకొన్నది. పట్నంలో కుర్చీలో కూర్చొని, “రొయ్యరైతు నష్టపడితే పడనీ, ధర్మం నిలవాలి” అనడం వేరు. ఇతరుల చేత ఉపవాసం చేయించి మనం పుణ్యం కట్టుకోలేం.

తిక్కనగారు చూపిన మువ్వురు

తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక, ఈ ఊరి మహాకవిని తలచుకోకుండా ఉండలేను. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగుచేసిన తిక్కనగారు మన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. యుద్ధమూ, రాయబారమూ పుస్తకాల్లోనే చదివినవాడు కాడు. ఆ భారత యుద్ధంలో అటూ ఇటూ కాని మువ్వురున్నారు.

ఒకడు బలరాముడు. రెండు పక్షాలూ నా వాళ్ళే, నాకీ గొడవ వద్దని తీర్థయాత్రకు వెళ్ళిపోయాడు. చివరిరోజుకు తిరిగివచ్చి, భీముడు దుర్యోధనుడి తొడ విరగగొట్టడం చూసి మండిపడ్డాడు. పద్దెనిమిదిరోజుల చావులకు రాని కోపం ఒక్క దెబ్బకు వచ్చింది. ఇన్నాళ్ళూ మాట్లాడక, తనవాడికి తగిలిననాడు మాత్రం న్యాయం గుర్తుకువచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు.

రెండోవాడు రుక్మి. సేనతో వచ్చి, “భయపడకండి, నేనున్నాను” అని పాండవులతో డంబం పలికాడు, అర్జునుడు వద్దన్నాడు. అటు వెళ్ళి దుర్యోధనుడితోనూ అదే అన్నాడు, అతడూ వద్దన్నాడు. సహాయంలో గర్వం కలిస్తే శత్రువులిద్దరూ ఏకగ్రీవంగా త్రోసివేస్తారు. 2004 సునామీ తరువాత మన తీరంలో, తమిళదేశంలో, దాతలు పంపిన చినిగిన పాతబట్టలు రోడ్లప్రక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. జాలరివాడు సర్వం పోగొట్టుకొన్నాడు గాని మర్యాద పోగొట్టుకోలేదు.

మూడోవాడు శల్యుడు. మేనల్లుళ్ళకోసం బయలుదేరి, దారిలో దుర్యోధనుడు ఏర్పాటుచేసిన విందు ఎవరిదో తెలియక తిని, మాటకు కట్టుబడి అవతలిపక్షం చేరాడు. ఎవరి నూనెతో మన దీపం వెలుగుతున్నదో తెలుసుకొని వెలిగించుకోవడం మేలని ఆ కథ చెబుతుంది. చమురు కొనవద్దని కాదు. కొన్నందుకు నోరు కుట్టుకోవద్దని.

మరి మన వంతు?

పెద్ద పరిష్కారం నా దగ్గర లేదు. సంసారిగా నాకు తోచినవి నాలుగు మాటలు మాత్రం చెబుతాను.

సరుకు దాచవద్దు. యుద్ధం వార్త విన్నరోజున మామూలుగా కొనేదే కొనడం కూడా ఒక సేవే.

ఇచ్చేది కొంచెమే అయినా, పుచ్చుకొనేవాడు అడిగినది ఇవ్వండి. మన అటకమీద మిగిలినది కాదు. ఇచ్చిన తరువాత అతడి ఓటు, అతడి దేవుడు, అతడి కృతజ్ఞత—ఏదీ అడగవద్దు.

పిల్లలముందు ఒక ప్రభుత్వం చేసిన తప్పుకు ఒక జాతినంతా తిట్టవద్దు. లండను సంసారులు వేసిన నాణేలతోనూ మన పూర్వులు కొందరు బ్రతికారు. రేపు ఆ దేశంలో మన బిడ్డకు రొట్టె పెట్టేది కూడా అక్కడి ముసలమ్మే.

నాలుగోది, దేశం ఏదైనా సూత్రం కోసం నష్టానికి ఒప్పుకుంటే, ఆ నష్టం రొయ్యల గుంటవాడొక్కడి మీదా, కూలివాడొక్కడి మీదా పడకుండా అందరం పంచుకోవాలని గట్టిగా అడుగుదాం. జీతగాళ్ళం మనం, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. అందుచేత ఆ మాట అడగవలసింది ముందు మనమే.

మైపాడు వైపు వెళ్ళేవారు దారిలో బకింగ్‌హాం కాలువ దాటుతారు. ఇప్పుడు పడవలు నడవవు, చాలాచోట్ల పూడిపోయింది. అయినా 2004 డిసెంబరు 26న సముద్రం పైకి లేచినప్పుడు, ఈ తీరంలో చాలామేర ఆ నీటిని కొంత తనలోకి తీసుకొన్నది ఆ కాలువేనని పరిశీలించినవారు వ్రాశారు. అరకిలోకు తక్కువైన గింజకోసం మన్ను మోసినవారి పేర్లు ఎక్కడా లేవు. కాలువ దాటేటప్పుడు పిల్లలకు దాన్ని చూపించి, ఎవరు త్రవ్వారో, ఎందుకు త్రవ్వారో చెప్పండి. దూరదేశపు ఆకలి సంగతి వాళ్ళకు ఇక వేరే చెప్పనక్కరలేదు.